పావు టీఎంసీ

తెల్లవారి ఐదు కాలేదు. ఏప్రిల్ నెల, ప్రొద్దుటూరులో ఒక సందు. రాత్రి వేడి ఇంకా గోడల్ని వదల్లేదు. మీరు నిలబడ్డ చోట ప్రతి ఇంటి ముందూ ఒక గుంత ఉంది. అడుగున్నర లోతు, నాలుగు పక్కలా నాపబండలు, పైన రేకు మూత. కుళాయి ఆ గుంతలో ఉంది. నీళ్లు పైకెక్కవు కాబట్టి కుళాయినే కిందికి దింపుకున్నారు. ఒకామె చీర కుచ్చెళ్లు ఎగదోపుకొని గుంత అంచున కూర్చుంది. చెంబుతో తోడి బిందెలో పోస్తోంది. ఎదురింటావిడ గడప మీద నుంచే అడిగింది.

"ఏమక్కా, వచ్చినాయా?"

"యాడొచ్చినాయి! ఇంతసేపూ గాలే కొట్టింది. ఇప్పుడిప్పుడే సన్నగా రాబట్టినాయి."

సందు చివర నీళ్లు వదిలే మనిషి కనిపించాడు. చేతిలో టీ ఆకారపు పొడవాటి ఇనుప కడ్డీ. రోడ్డు మధ్యలో మూత తీసి, కడ్డీ దించి, నడుం వంచి నాలుగు చుట్లు తిప్పాడు. కిందెక్కడో గొట్టం గరగరమంది. వీధిలో అందరి తిట్లూ అతనికే తగులుతాయి. అతని జవాబు ఒకటే: "పైనుంచి వస్తే కదన్నా నేను తిప్పేది."

ఆ పై ఎక్కడుందో చూద్దాం పదండి.

ముందు పెన్న. ముక్తిరామేశ్వరం గుడి దగ్గర ఏట్లోకి దిగితే చెప్పుల్లో ఇసుక నిండుతుంది. కంటికి నీటి చుక్క కనిపించదు. అయినా ఏరు చచ్చిపోయిందని అనుకోవద్దు. ఇసుక అడుగున ఊట నడుస్తూనే ఉంటుంది. ఏటి ఒడ్డు ఊళ్లన్నీ తరతరాలుగా చెలమ తవ్వుకున్నా, బావి దింపుకున్నా ఆ ఊట నమ్ముకునే. ఇసుక ఎంత మందంగా ఉంటే అంత నీరు నిలుస్తుంది, వడపోత కూడా అదే చేస్తుంది. ఇసుక ఎత్తేసిన చోట ఊట తగ్గడానికి పెద్ద శాస్త్రం అక్కర్లేదు. వంతెనలు, ఆనకట్టల దగ్గర 500 మీటర్ల లోపు ఇసుక తీయరాదని వాల్టా (నీరు, భూమి, చెట్ల చట్టం) నిబంధనలున్నాయి. చట్టం 2002 నాటిది. ట్రాక్టర్ల చక్రాల జాడలు మాత్రం ఈ తెల్లవారుజాము నాటివి.

వేసవిలో ఈ ఊట నిలవాలంటే ఎగువన మైలవరం జలాశయం నుంచి ఏట్లోకి నీళ్లు వదలాలి. ఎప్పుడు వదలాలో, ఎంత వదలాలో చెప్పడం మునిసిపాలిటీ చేతిలో లేదు. గేటు జలవనరుల శాఖది. మునిసిపాలిటీ అడగగలదు, ఉత్తరం రాయగలదు, అంతే.

బస్సెక్కండి. జమ్మలమడుగు దారంతా నాపరాళ్ల గనులు, బండలు కోసే మిషన్ల చప్పుడు, రోడ్డు పక్క చెట్ల మీద తెల్లటి దుమ్ము. ఊరు దాటి మైలవరం, ఆ పైన గండికోట. కోట గోడ మీద నుంచి కిందికి చూస్తే ఎర్రటి కొండ నిలువునా చీలినట్టుంటుంది. ఆ చీలికలో పచ్చగా పెన్న. బొమ్మలు తీసుకునేవాళ్లను కాసేపు పక్కకు జరగమని, పెన్నకు అడ్డంగా కట్టిన జలాశయం ఎంతదో లెక్క చూడండి. పూర్తి నిల్వ 26.85 టీఎంసీలు. ఆ నీళ్లలో ఎక్కువ భాగం పెన్నవి కూడా కావు, కృష్ణవి. శ్రీశైలం వెనక జలాల నుంచి పోతిరెడ్డిపాడు, బనకచెర్ల, గోరకల్లు, అవుకు దాటుకొని, కొండల కింద సొరంగాల్లో దూరి, గాలేరు-నగరి కాలువ పేరుతో ఇక్కడికొస్తాయి. శ్రీశైలంలో నీటిమట్టం 885 అడుగులుంటే దండిగా, 854కి పడిపోతే పోతిరెడ్డిపాడుకు అందీ అందనట్టుగా. సందులో ఆ గుంత కుళాయికి ఇంత పొడవు తోక ఉంది.

ఇక్కడే గోడ మీద కూర్చొని, ఈ నీళ్ల మీద ఆశ పెట్టుకున్న మూడు పట్టణాలకు ఒక గుణకారం చేద్దాం. 2011 జనాభా లెక్కల్లో ప్రొద్దుటూరు సుమారు 1.63 లక్షలు, పులివెందుల 65 వేల పైచిలుకు, జమ్మలమడుగు 46 వేలు. మూడూ కలిపితే 2.75 లక్షలు. పట్టణంలో మనిషికి రోజుకు 135 లీటర్లన్నది కేంద్రం పెట్టిన ప్రమాణం. అంటే రోజుకు 3.7 కోట్ల లీటర్లు, ఏడాదికి 1,355 కోట్ల లీటర్లు. ఒక టీఎంసీ అంటే 2,831 కోట్ల లీటర్లు. మూడు పట్టణాల ఏడాది దాహం అర టీఎంసీ కూడా కాలేదు. ప్రొద్దుటూరు ఒక్కదానికైతే పావు టీఎంసీకి కాస్త ఎక్కువ. పెరిగిన జనం, గొట్టాల్లో కారిపోయేది, ఎండకు ఆవిరయ్యేది అన్నీ కలిపి రెట్టింపు చేసుకున్నా ఒక్క టీఎంసీ. కళ్ల ముందు 26.85 టీఎంసీల చెరువు, చెంబుతో తోడుకునే గుంత. కరువు సీమ, వాన లేదు అనే పాత పాట ఈ లెక్క ముందు నిలవదు. ఊరి తాగునీటి వాటాను ముందే తీసి పక్కన పెట్టే అలవాటు లేకపోవడమే అసలు జబ్బు.

వాటా రాసిపెట్టించుకున్న ఊరు ఒకటుంది. అది మనది కాదు. 1983 ఒప్పందం ప్రకారం మద్రాసు తాగునీటికి ఏటా 15 టీఎంసీలు కేటాయించారు, దారి నష్టాలు పోను సరిహద్దు దగ్గర 12 ఇవ్వాలి. ఆ నీళ్లు తీసుకుపోయే తెలుగుగంగ కాలువ ఈ కడప జిల్లాలో నుంచే పోతుంది. ఏటా అన్నీ అందాయని కాదు, చాలా ఏళ్లు అందలేదు కూడా. కానీ తక్కువ పడితే చూపించి అడగడానికి వాళ్ల దగ్గర కాగితం ఉంది. మీ వార్డు కౌన్సిలర్ దగ్గర ఏముంది?

ఈ నీళ్ల చుట్టూ చేతులు చాలా ఉన్నాయి. ఎర్రగుంట్ల దగ్గరి థర్మల్ కేంద్రం మైలవరం నీళ్లు వాడుకుంటుంది. జమ్మలమడుగు మండలం సున్నపురాళ్లపల్లెలో ఉక్కు ఫ్యాక్టరీకి 2019 డిసెంబరులో ఒకసారి, 2023 ఫిబ్రవరిలో మరోసారి కొబ్బరికాయ కొట్టారు. అంతకుముందు 2007లో బ్రహ్మణి ఉక్కుకు, 2018లో కంబాలదిన్నె దగ్గర ఇంకోదానికి. ఫ్యాక్టరీ వస్తే మన పిల్లలకు ఉద్యోగాలు, రావాల్సిందే. కానీ ఉక్కు కాగడానికీ నీళ్లు కావాలి, ఉక్కు కాచేవాళ్ల కాలనీలకూ నీళ్లు కావాలి. ఆ రెండో లెక్క శంకుస్థాపన సభల్లో ఎవరూ చెప్పరు. జలాశయం నింపడానికి మూల్యం చెల్లించినవాళ్లూ ఉన్నారు. 2020లో గండికోట నీళ్లు వెనక్కి తన్ని తాళ్ల ప్రొద్దుటూరు ఇళ్లలోకి వస్తుంటే సామాన్లు ట్రాక్టర్లకెత్తుకొని ఊరు వదిలారు. వాళ్ల ఊరు మింగిన నీళ్లు పక్క పట్టణం కుళాయికి చేరకపోతే ఆ త్యాగానికి అర్థమేమిటో నాకు తెలియదు.

ముద్దనూరు మీదుగా పులివెందులకు వెళ్లేటప్పటికి మధ్యాహ్నం. దారికి రెండు పక్కలా చీనీ తోటలు, అరటి, డ్రిప్పు పైపుల నల్లటి గీతలు. ఒకప్పుడు వెయ్యి అడుగులు బోరు దించినా దుమ్మే లేచిన నేల ఇది. ఈ ఊరికి ఆధారం పార్నపల్లె దగ్గర చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయరు, నిల్వ 10 టీఎంసీలు. తుంగభద్ర ఎగువ కాలువ నుంచి వచ్చేది అందనప్పుడు గండికోట నుంచి మోటార్లతో ఎత్తిపోస్తారు. కరెంటు, మోటారు, గొట్టం, మూడింట్లో ఏది మొండికేసినా నీళ్లు కిందే ఉంటాయి. ఇదే జలాశయం మీద ఉమ్మడి అనంతపురం జిల్లా పల్లెలకు సత్యసాయి తాగునీటి పథకమూ ఆధారపడింది. పులివెందుల పక్కనే తుమ్మలపల్లె యురేనియం గని. వ్యర్థాల చెరువు వల్ల బోర్లు పాడయ్యాయని కె.కె.కొట్టాల రైతులు మొత్తుకుంటే, 2019లో కాలుష్య నియంత్రణ మండలి నోటీసులిచ్చింది. ఆ పల్లెలు మునిసిపల్ హద్దు బయట ఉన్నాయి. భూగర్భ జలానికి ఆ హద్దు తెలియదు.

సరే, ఇప్పుడు కౌన్సిల్ హాల్లోకి రండి. మూడు ఊళ్లలో ఏదని అడగొద్దు, కుర్చీల రంగు తప్ప పెద్ద తేడా ఉండదు. ఏసీ ఒకటి పనిచేస్తోంది, దాని కింద కుర్చీలు ముందే నిండాయి. గుమాస్తా అజెండా చదువుతున్నాడు: సీసీ రోడ్డు, డ్రైను, కల్వర్టు, వేసవి ట్యాంకర్లకు రేట్లు. ఒక్కోదానికీ "ఆమోదించడమైనది". మూడో వరుసలో ఒకావిడ లేచింది.

"మా వార్డులో మూడు దినాలకొకసారి ఇడుస్తాండారు సార్. పెండ్లిండ్ల సీజను. ఆడోళ్లు నన్ను తిడ్తాండారు."

ఏఈ గారు ఫైలు తెరిచారు. "పైనుంచి తగ్గింది మేడమ్. ఇరిగేషన్ వాళ్లకు రాసినాం."

"నెక్స్ట్," అన్నారు అధ్యక్ష పీఠం నుంచి.

ఎప్పుడు రాశారు? ఎంత అడిగారు? జవాబొచ్చిందా? ఈ రోజు ఊరి చేతిలో ఎన్ని రోజుల నీళ్లున్నాయి? ఎవరూ అడగలేదు. తర్వాతి అంశం కొత్త లేఅవుట్‌లో ఖాళీ స్థలాన్ని మునిసిపాలిటీ స్వాధీనం చేసుకోవడం. రోడ్డు వెడల్పు చూశారు, పార్కు స్థలం చూశారు. ఆ రెండు వందల ప్లాట్లకు నీళ్లు ఎక్కడి నుంచి ఇస్తారన్న మాట రాలేదు. టీ వచ్చింది.

వీళ్లకు అధికారం లేదనడం సగం నిజం. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమల్లోకొచ్చింది. దాని పన్నెండో షెడ్యూల్లో మొదటి అంశం పట్టణ ప్రణాళిక, ఐదో అంశం నీటి సరఫరా. జిల్లా ప్రణాళిక కమిటీలో అయిదింట నాలుగు వంతుల సభ్యులు జిల్లా పరిషత్తు, మునిసిపాలిటీల నుంచి ఎన్నికైనవాళ్లే ఉండాలి. ఆ కమిటీ చూడాల్సిన వాటిలో 'నీటి పంపకం' అనే మాట రాజ్యాంగంలోనే రాసి ఉంది. మిగతా సగం నిజమేమంటే, లేఅవుట్ల పెత్తనం 2019లో వచ్చిన అన్నమయ్య పట్టణాభివృద్ధి సంస్థ వైపు జరిగింది, పులివెందులకు వేరే అభివృద్ధి సంస్థ పెట్టారు, నీటి విడుదల జిల్లా సాగునీటి సలహా మండలిలో తేలుతుంది. ఉన్న అధికారాన్ని వాడకుండా లేనిదాని గురించి వాపోవడం కౌన్సిళ్లకు సుఖంగా అలవాటైపోయిందని నా అభిప్రాయం.

ఊరి చేతిలో ఉన్నదాంతో ఏం చేయొచ్చో కేప్‌టౌన్ చూపించింది. ఆ నగరానికి 2018లో కుళాయిలు బందయ్యే గడియ దగ్గరపడింది. మనిషికి రోజుకు 50 లీటర్లకు కట్టేశారు. వాళ్లు చేసిన మంచి పని, జలాశయాల్లో ఎంత మిగిలిందో జనం ముందు ఎప్పటికప్పుడు పెట్టడం. దానికి పెద్ద ఖర్చేమీ లేదు. కౌన్సిల్ గుమ్మం పక్కన ఒక నల్లబల్ల, సుద్దముక్క చాలు.

ఈ మూడు పట్టణాల్లో ఓటున్నవాళ్లకు ఒక విన్నపం. వచ్చే నెల సమావేశానికి ముందు మీ వార్డు సభ్యుడినో సభ్యురాలినో కలిసి మూడు అంశాలు అజెండాలో పెట్టించండి. ఒకటి, ఊరి చేతిలో ఎన్ని రోజుల నీళ్లున్నాయో ప్రతి సమావేశంలో మొదట చదవాలి. రెండు, నీళ్లెక్కడివో రాసివ్వని లేఅవుట్‌కు కుళాయి కనెక్షన్ ఇవ్వకూడదు. మూడు, సాగునీటి సలహా మండలి కూర్చోకముందే ఊరి తాగునీటి వాటాను అంకెతో సహా తీర్మానం చేసి కలెక్టరుకు పంపాలి. ప్రొద్దుటూరు వాళ్లయితే ఆ అంకె పావు టీఎంసీకి తగ్గకుండా చూసుకోండి. తీర్మానం నకలు ఒకటి మీరూ అడిగి తీసుకోండి.