శావేజ్ 110
శావేజ్ 110 అమెరికాలో తయారయ్యే బోల్ట్ యాక్షన్ రైఫిల్. నికొలస్ బ్రూవర్ రూపొందించగా 1958లో మార్కెట్లోకి వచ్చింది. వేటగాళ్ల కోసం చవకగా చేసిన ఈ తుపాకీపై దూరలక్ష్య పోటీల వారు మనసు పడటానికి అసలు కారణం గొట్టాన్ని పట్టి ఉంచే నట్టు. చాలా రైఫిళ్లలో గొట్టం మార్చడానికి తుపాకీ మెకానిక్ కావాలి. ఇందులో నట్టు వదులు చేసి, కొత్త గొట్టం తిప్పి, తూటా గది లోతును గేజితో సరిచూసి బిగిస్తే సరిపోతుంది. 2000ల తొలినాళ్లలో వచ్చిన ఆక్యుట్రిగ్గర్ అనే ట్రిగ్గర్ బిగువును యజమానే సవరించుకోవచ్చు. చవక మోడళ్ల లోపమల్లా ప్లాస్టిక్ స్టాక్. అది వంగి గొట్టానికి తగిలితే గురి చెదురుతుంది. టెలిస్కోపుపై డబ్బు పోసేముందు ఆ స్టాక్‌ను మార్చడమే తెలివైన పని. 100 గజాలకు గురి కుదిర్చిన .308 వించెస్టర్ తూటా 1000 గజాల దగ్గర సుమారు 10 మీటర్లు కిందికి పడుతుంది. అందుకే అంత పతనానికి టెలిస్కోపులో సవరణ చాలేలా దాన్ని ముందుకు వాలిన పట్టాపై బిగిస్తారు.