అశ్వారావుపేట మన్యం హస్తకళలు: తరుగుదల, పునరాదరణ

తెలంగాణలోని భద్రాద్రి కొత్తగూడెం జిల్లాకు చెందిన అశ్వారావుపేట, దమ్మపేట, ములకలపల్లి మండలాలు, వాటిని ఆనుకుని ఆంధ్రప్రదేశ్ వైపు విస్తరించిన మన్యం కోయలకూ కొండరెడ్లకూ నివాసం. వెదురు అల్లికలు, వంశకథలను గుడ్డపై నిలిపే పడిగెలు, కొమ్ముల తలపాగాలు, డోళ్లు, సొరబుర్రలు, ఆకు కుట్లు ఈ ప్రాంతపు ముఖ్యమైన చేతిపనులు. చాలాకాలం వీటిని ఇంటి వాడకపు సామానుగా, లేదంటే మానవశాస్త్ర పరిశోధకులు సేకరించే వస్తువులుగా మాత్రమే చూశారు. గత నాలుగైదు దశాబ్దాల్లో సమకాలీన కళ, డిజైన్ రంగాలు వీటిని కొత్త గౌరవంతో చూడడం మొదలుపెట్టాయి.

ప్రాంతం, ప్రజలు

పూర్వం పాల్వంచ సంస్థానంలోనూ తర్వాత నైజాం రాష్ట్రంలోనూ ఉన్న ఈ అటవీ సీమ 1953లో ఏర్పడిన ఖమ్మం జిల్లాలో భాగమైంది. 2016 అక్టోబరు 11న కొత్తగా ఏర్పడిన భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరింది. అశ్వారావుపేట శాసనసభ స్థానాన్ని షెడ్యూల్డ్ తెగలకు కేటాయించారు. జనసంఖ్య రీత్యా ఇక్కడి గిరిజనుల్లో కోయలు పెద్ద సమూహం. వీరిలో రాచకోయ, లింగధారి కోయ, కమ్మర కోయ, ఆర్తి కోయ వంటి శాఖలున్నాయి. ఇనుప పని కమ్మర కోయలది, వంశకథల గానం ఆర్తి కోయలది. ఇలా పనిముట్టు చేసే చేయి, పాట పాడే గొంతు సమాజం లోపలే ఉండేవి. కొండరెడ్లు పోడు, అటవీ ఫలసాయం, వెదురు పని మీద బతికినవారు. వీరిని ప్రత్యేకంగా దుర్బలమైన గిరిజన సమూహాల జాబితాలో చేర్చారు. అశ్వారావుపేట, దమ్మపేట మండలాల కొండ అంచుల్లో వీరి గూడేలున్నాయి. సరిహద్దు అవతల వేలేరుపాడు, కుక్కునూరు, బుట్టాయగూడెం మండలాల్లోనూ వీరి బంధువర్గం ఉంది. 2014లో పోలవరం ప్రాజెక్టు ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలవడంతో ఒకే సమాజం రెండు రాష్ట్రాల పాలన కిందికి వెళ్లింది.

ప్రధాన చేతిపనులు

వెదురు పని: కొండరెడ్ల జీవితంలో వెదురు లేని చోటు లేదు. ఇంటి గోడకు తడక, పెరటికి దడి, ధాన్యానికి గాదె, చెరగడానికి చేట, మోయడానికి గంప, వాగులో చేపకు మావు, అన్నీ వెదురుతోనే. ఇంటి నిట్రాడికి ముదురు బొంగు కావాలి. అల్లికకు వంగే బొంగు కావాలి. ఏ బొంగు దేనికి పనికొస్తుందో పొదను చూసి చెప్పగలగడమే ఈ పనిలో మొదటి పాఠం. బొంగును కత్తితో నిలువునా చీల్చి బద్దలు తీస్తారు, లోపలి మెత్తటి భాగాన్ని తొలగిస్తారు, బద్దను పలచగా చెక్కుతారు, అడుగు నుంచి అల్లుకుంటూ పైకి వస్తారు. మేకు, జిగురు అక్కర్లేదు. ఒక బద్ద మరో బద్దను బిగించి పట్టుకోవడంతోనే బుట్టకు బలం వస్తుంది. ధాన్యం పోసే గంపకు పేడ అలికి సందులు మూస్తారు. గాలి ఆడాల్సిన బుట్టను సందులతోనే వదిలేస్తారు. పనిని బట్టి రూపం, రూపాన్ని బట్టి అల్లిక మారుతాయి. డిజైన్ పాఠశాలలు ఇరవయ్యో శతాబ్దంలో సూత్రంగా రాసుకున్న మాటను ఈ గూడేలు ఎప్పటినుంచో పాటిస్తున్నాయి.

పడిగెలు: కోయ సమాజం గట్లు అనే వంశ సమూహాలుగా విడివడి ఉంటుంది. మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు అంటూ సంఖ్యతో పిలుస్తారు. ఒక్కో గట్టుకు తన వేల్పులు, తన కథ, తన పడిగె ఉంటాయి. పడిగె అంటే త్రికోణాకారపు పొడవాటి గుడ్డ పతాకం. దానిపై మనుషులు, జంతువులు, చెట్లు, వేల్పుల బొమ్మలను రంగు గుడ్డలు కత్తిరించి కుడతారు, కొన్నింటిపై గీస్తారు. కొలుపుల్లోనూ జాతరల్లోనూ వేల్పుతో పాటు పడిగె బయటికి వస్తుంది. డోలి కళాకారుడు దాన్ని విప్పి, డోలు మోతకు గట్టు పుట్టుక, వలసలు, యుద్ధాలు, పెళ్లి వావివరసలు పాడతాడు. లిపి లేని భాషలో ఇది చరిత్ర గ్రంథం. ఏ బొమ్మ పక్కన ఏ బొమ్మ రావాలో గాయకుడికి తెలుసు. గాయకుడు పోతే ఆ గుడ్డ చదివేవాడు లేని పుస్తకమవుతుంది.

కొమ్ము తలపాగా, డోలు: కొమ్ము కోయ నృత్యంలో పురుషులు అడవిదున్న కొమ్ములు, నెమలి ఈకలు అమర్చిన తలపాగా ధరించి, మెడలో పెద్ద డోలు వేసుకుని ఆడతారు. స్త్రీలు ఒకరి భుజాలపై ఒకరు చేతులు వేసుకుని వలయంగా అడుగులు కలుపుతారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత అడవిదున్న కొమ్ము కొత్తగా సంపాదించే వీలు లేదు. అందుకే తరాలుగా దాచుకున్న పాత తలపాగాలు అపురూపమయ్యాయి.

వీటితో పాటు నీళ్లకూ కల్లుకూ ఎండబెట్టిన సొరబుర్రలు, భోజనానికి అడ్డాకు విస్తర్లు ఈ సీమలో ఇప్పటికీ కనిపిస్తాయి.

తొలి నమోదులు

భద్రాచలం, రేకపల్లి తాలూకాల కోయల గురించి క్రైస్తవ మిషనరీ జె. కెయిన్ 1870లలోనే ‘ఇండియన్ యాంటిక్వరీ’లో రాశారు. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో ప్రచురించిన ఏడు సంపుటాల ‘దక్షిణ భారత కులాలు, తెగలు’ గ్రంథంలో కోయల వివరాలు చేర్చారు. 1941లో పాపికొండల సీమకు వచ్చిన ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ కొండరెడ్లపై 1945లో ప్రత్యేక గ్రంథం వెలువరించారు. ఇళ్లు, బుట్టలు, పనిముట్లు ఎలా ఉంటాయో చెప్పడమే కాక, కలప వ్యాపారుల కింద వెదురు నరికే కూలీలుగా మారిన కొండరెడ్ల కష్టాన్నీ ఆయన నమోదు చేశారు. ఈ రచనల విలువ పెద్దది. అయితే వీటిలో గంప, చేట ఒక తెగ జీవన విధానానికి ఆధారాలుగానే నిలిచాయి. అల్లిన మనిషిని కళాకారుడిగా, కళాకారిణిగా చూసే దృష్టి అప్పటికి రాలేదు.

తరుగుదల

ఇరవయ్యో శతాబ్దపు రెండో సగంలో ఈ చేతిపనులకు నాలుగు వైపుల నుంచి దెబ్బ తగిలింది. మొదటిది ముడిసరుకు. రిజర్వు అడవుల నియమాలతో పొదకు పోయే దారి బిగుసుకుంది. 1927 నాటి భారత అటవీ చట్టం వెదురును చెట్టుగా లెక్కించింది కనుక నరకడానికీ తరలించడానికీ అనుమతి కావాల్సి వచ్చింది. మరోవైపు అదే వెదురు కాగితపు మిల్లులకు పెద్ద మొత్తంలో వెళ్లింది. రాజమహేంద్రవరం మిల్లుకు తోడు 1979లో భద్రాచలం దగ్గరి సారపాకలోనూ కాగితపు మిల్లు పని ప్రారంభించింది. రెండోది ప్లాస్టిక్. సంతలో చవకగా దొరికే బకెట్టు, టబ్బు, చేట గూడెం గడపలోకి వచ్చాయి. మూడోది పంటల మార్పు. అశ్వారావుపేట చుట్టుపక్కల ఆయిల్‌పామ్ తోటలు విస్తరించి, నూనె మిల్లు కూడా వచ్చింది. జొన్న, సామ, వరి నిల్వ చేసుకునే ఇంట గాదెకు పని ఉంటుంది, గెలలు లారీకెక్కించే ఇంట ఉండదు. నాలుగోది ముంపు. పోలవరం కింద గూడేలు కదిలినప్పుడు ఇళ్లతో పాటు వెదురు పొదలు, వేల్పుల తావులు కూడా వెనకబడిపోయాయి.

ప్రపంచంలో, దేశంలో దృష్టి మార్పు

చేతిపనిని కళ కంటే తక్కువదిగా చూసే అలవాటును ఇంగ్లండులో విలియం మోరిస్ (1834–1896) గట్టిగా ప్రశ్నించారు. జపాన్‌లో యనాగి సొయెత్సు పేరు తెలియని పనివారు చేసిన నిత్యావసర వస్తువుల అందాన్ని చాటుతూ 1936లో టోక్యోలో జానపద చేతిపనుల మ్యూజియం స్థాపించారు. మన దేశంలో 1952లో అఖిల భారత హస్తకళల బోర్డు ఏర్పడింది. దాని అధ్యక్షురాలిగా కమలాదేవి చటోపాధ్యాయ ఊరూరా తిరిగి మూలపడుతున్న విద్యలను వెలికి తీశారు. 1958లో అమెరికా డిజైనర్లు చార్లెస్, రే ఈమ్స్ భారత ప్రభుత్వానికి ఇచ్చిన నివేదికలో మన ఇంటి చెంబును గొప్ప రూపకల్పనకు ఉదాహరణగా చూపారు. ఆ నివేదిక స్ఫూర్తితో 1961లో అహ్మదాబాద్‌లో జాతీయ డిజైన్ సంస్థ వెలిసింది.

గిరిజన కళ విషయంలో మలుపు 1982లో వచ్చింది. భోపాల్ భారత్ భవన్‌లో చిత్రకారుడు జగదీశ్ స్వామినాథన్ నగర చిత్రకారుల పనులనూ గిరిజన కళాకారుల పనులనూ ఒకే కప్పు కింద సమాన స్థాయిలో ప్రదర్శించారు. గోండు యువకుడు జన్‌గఢ్ సింగ్ శ్యామ్ అక్కడ వెలుగులోకి వచ్చి, 1989లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ ప్రదర్శనలో పాల్గొన్నారు. 2024 వెనిస్ ద్వైవార్షిక ప్రదర్శనలో ఉత్తమ కళాకారుల పురస్కారం న్యూజీలాండ్ మావోరీ మహిళల బృందం మతాహో అల్లికకు దక్కింది. ఉత్తమ దేశపు పురస్కారం ఆస్ట్రేలియాకు వచ్చింది. అందుకు కారణం ఆదిమవాసి కళాకారుడు ఆర్చీ మూర్ గోడలపై సుద్దముక్కతో గీసిన తన వంశవృక్షం. అల్లికా వంశచరిత్రా ప్రపంచ కళలో అగ్రస్థానానికి చేరిన ఆ సంవత్సరం కోయ పడిగెనూ కొండరెడ్ల గంపనూ చూసే కంటికి కొత్త కొలమానం ఇచ్చింది.

తెలుగు నేలపై పునరాదరణ

1957లో శ్రీకాళహస్తిలో కలంకారీ శిక్షణ కేంద్రం ప్రారంభం తెలుగు హస్తకళల పునరుద్ధరణలో తొలి అడుగుల్లో ఒకటి. 1992లో హైదరాబాద్‌లో శిల్పారామం వచ్చింది. భౌగోళిక గుర్తింపు చట్టం 2003లో అమల్లోకి వచ్చాక పోచంపల్లి ఇక్కత్, ఏటికొప్పాక లక్క బొమ్మలు, ఆదిలాబాద్ డోక్రా వంటివి ఒక్కొక్కటిగా నమోదయ్యాయి. ఏటికొప్పాకలో సి.వి. రాజు చెట్ల రంగులను తిరిగి వాడకంలోకి తెచ్చి, పాత విద్యతోనే కొత్త మార్కెట్టుకు బొమ్మలు చేయవచ్చని నిరూపించారు. 2023లో ఆయనకు పద్మశ్రీ లభించింది.

కోయ కళకు ఈ గౌరవం ఆలస్యంగా అందింది. ఆచార్య జయధీర్ తిరుమలరావు దశాబ్దాల పాటు పల్లెలూ గూడేలూ తిరిగి పడిగెలు, వాద్యాలు, లోహ ప్రతిమలు, పనిముట్లు సేకరించారు. పరిశోధకురాలు గూడూరు మనోజ ఈ కృషిలో పాలుపంచుకున్నారు. హైదరాబాద్ మాదాపూర్‌లోని స్టేట్ ఆర్ట్ గ్యాలరీలో ‘ఆద్యకళ’ పేరిట ఈ సంపదను ప్రదర్శించినప్పుడు, ఆధునిక చిత్రాలు వేలాడే గోడలపై పడిగెలు కనిపించాయి. 2022లో మణుగూరు మండలం కూనవరానికి చెందిన కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్యకు పద్మశ్రీ వచ్చింది. సమ్మక్క సారలమ్మల కథను, కోయ గట్ల చరిత్రను కోయ భాషలోనూ తెలుగులోనూ పాడగలిగిన అరుదైన గాయకుడాయన. 2024 జూన్‌లో ఆయన కన్నుమూశారు.

2026 సమ్మక్క సారలమ్మ జాతరకు ముందు మేడారం గద్దెల ప్రాంగణాన్ని పునర్నిర్మించినప్పుడు కోయ పడిగెల నుంచి తీసుకున్న బొమ్మలను రాతిపై చెక్కారు. సంప్రదాయ గుడ్డ బొమ్మ ఇంత పెద్ద సమకాలీన కట్టడానికి రూపకల్పన ఆధారం కావడం తెలుగు నేలపై అరుదైన ఘట్టం. భద్రాచలం సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ప్రాంగణంలోని గిరిజన మ్యూజియం కూడా ఇటీవల కొత్త రూపు దిద్దుకుని, రామయ్య దర్శనానికి వచ్చే యాత్రికులకు మన్యం ఇళ్లనూ వస్తువులనూ పరిచయం చేస్తోంది.

వెదురు విషయంలో చట్టం కొంత దారి ఇచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చి, సేకరణపై గిరిజనుల హక్కును గుర్తించింది. భారత అటవీ చట్టానికి 2017లో చేసిన సవరణ అడవి బయట పెంచే వెదురును చెట్టు నిర్వచనం నుంచి తొలగించింది. 2018లో జాతీయ వెదురు మిషన్‌ను పునర్వ్యవస్థీకరించారు. నగరాల్లో ప్లాస్టిక్ మీద విముఖత పెరగడంతో దీపపు గొడుగులు, పూలసజ్జలు, కానుకల బుట్టలు, హోటళ్ల అలంకరణ సామగ్రి రూపంలో వెదురు అల్లికకు కొత్త గిరాకీ వచ్చింది.

మిగిలిన సమస్యలు

గౌరవం వస్తువుకు అందినంత వేగంగా మనిషికి అందలేదు. నగరపు దుకాణంలో దీపంగా వెలిగే అల్లిక మీద డిజైనర్ పేరు ఉంటుంది, అల్లిన మహిళ పేరు ఉండదు. రోజంతా అల్లిన గంపకు వారపు సంతలో వచ్చే ధర కూలి డబ్బుకు సరితూగకపోతే ఏ తల్లీ తన బిడ్డకు ఆ పని నేర్పదు. పడిగె సమస్య ఇంకా సున్నితమైనది. అది పూజలో ఉన్న వస్తువు. దాని బొమ్మలను చీరల మీదా గోడల మీదా ముద్రించే ముందు ఆ గట్టు పెద్దల అనుమతి తీసుకోవాలి. కథతో పాటే బొమ్మ బయటికి రావాలి. పాడే గొంతును కాపాడకుండా గుడ్డను మాత్రం అద్దాల పెట్టెలో భద్రపరిస్తే సగం చరిత్రే దక్కుతుంది. డోలి గానం నేర్పే గురువులకు జీతం, నేర్చుకునే పిల్లలకు వేతనం, గూడెం చుట్టూ వెదురు పెంపకం, అల్లిన ప్రతి వస్తువు మీద గూడెం పేరూ చేసినవారి పేరూ కావాలి. ఇవి ప్రభుత్వాలూ డిజైన్ సంస్థలూ తలచుకుంటే చేయగలిగిన పనులే. కొనేవారు చేయగలిగిందీ ఉంది. వెదురు బుట్ట చేతిలోకి తీసుకున్నప్పుడు ఇది ఏ ఊరిది, ఎవరు అల్లారు, వారికి ఎంత ముట్టింది అని అడగాలి.