ఫ్లోరిడా కీస్: లోతులేని నీళ్లలో గాలపు వేట

అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రపు దక్షిణ కొసన ఉన్న కీస్ దీవుల చుట్టూ, నాలుగైదు అడుగులకు మించని ఉప్పునీటిలో గైడు వెంట సాగే చేపల వేట. ముఖ్య కేంద్రం ఐలమొరాడ. బేస్‌బాల్ దిగ్గజం టెడ్ విలియమ్స్ ఇక్కడ నివాసం ఉండి ఏళ్ల తరబడి వేటాడాడు.

గాలం వేసి కూర్చునే పని కాదిది, చేపను కంటితో వెతికి పట్టాలి. మోటారు ఆపాక గైడు దానిపైనున్న ఎత్తు వేదికపై నిలబడి, దాదాపు ఇరవై అడుగుల గెడతో పడవను చప్పుడు లేకుండా నెడతాడు. వేటగాడు ముందు అంచున నిలబడతాడు. దిక్కు చెప్పడానికి గడియారమే ఆధారం: పడవ ముక్కు పన్నెండు గంటలు. ‘పది గంటలు, నలభై అడుగులు’ అంటే ఎర ముందువైపు ఎడమన, అంత దూరంలో పడాలి. నీటిపై మెరుపును తగ్గించే పోలరైజ్డ్ కళ్లజోడు తప్పనిసరి. అది పెట్టుకున్నా కొత్తవాడికి చాలాసేపు గడ్డి, నీడలే కనిపిస్తాయి. నిజానికి గైడుకిచ్చే డబ్బు అతని కళ్లకే.

బోన్‌ఫిష్, పర్మిట్, టార్పన్ అనే మూడు చేపలూ ఒకే రోజు పడితే ‘గ్రాండ్ స్లామ్’. పర్మిట్ మహా అనుమానపు చేప. టార్పన్ వంద పౌండ్లు దాటగలదు. దాని చిన్న బంధువు బంగాళాఖాతం తీరంలోనూ ఉంది.

రాష్ట్ర నిబంధనల ప్రకారం బోన్‌ఫిష్‌ను పట్టినా వదిలేయాలి. నీటి అడుగునూ కాపాడుకోవాలి: మోటారు రెక్కలు కోసిన సముద్రపు గడ్డి తిరిగి మొలవడానికి ఏళ్లు పడుతుంది.