గాలి మరలే దినాల లెక్క

అరబీలో ‘మౌసిమ్’ అనగా నియతకాలం. హజ్ దినాలకూ, సంతలు జరిగే రోజులకూ ఈ మాట వాడేవారు. హిందూ మహాసముద్రంలో ఓడలు బయలుదేరే కాలానికీ ఇదే పేరు స్థిరపడింది. పోర్చుగీసుల ద్వారా ఐరోపా భాషలకు చేరి ‘మాన్సూన్’ అయింది. నేడు గాలులకు, వానలకు పేరైన ఈ పదానికి మూలార్థం కాలమే. అరబ్బు నావికుల శాస్త్రసారమంతా ఈ ఒక్క మాటలో ఇమిడి ఉన్నది.

గాలుల మార్పును దివ్య ఖుర్ఆన్ (2:164) బుద్ధిమంతులు ఆలోచించదగిన సూచనలలో ఒకటిగా పేర్కొన్నది. ఓడ నడిపేవారికి ఈ ఆలోచన జీవన్మరణ సమస్య. వేసవిలో ఆసియా భూభాగం వేడెక్కి నైరుతి గాలి వీస్తుంది. శీతాకాలంలో భూమి చల్లబడి ఈశాన్యగాలి మొదలవుతుంది. మొదటిదాన్ని నావికులు ‘కౌస్’ అనీ, రెండవదాన్ని ‘అజ్‌యబ్’ అనీ పిలిచారు. గాలి మరలుతుందన్నది అందరికీ తెలిసినదే. ఏ దినాన మరలుతుందన్నదే చిక్కు.

10వ శతాబ్దంలో ఆఫ్రికా తీరం నుండి ఒమన్‌కు ప్రయాణించిన చరిత్రకారుడు అల్ మస్ఊదీ, ఒక్కొక్క సముద్రపు గాలులను ఆ సముద్రంపై తిరిగేవారు అనుభవంతో ఎరిగి, ఒక తరం నుండి మరొక తరానికి అందిస్తారని వ్రాశాడు. ఆ అనుభవాన్ని గ్రంథస్థం చేసినవారిలో అగ్రగణ్యుడు జుల్ఫార్‌కు చెందిన అహ్మద్ ఇబ్ను మాజిద్. క్రీ.శ. 1490 ప్రాంతంలో పూర్తయిన ‘కితాబుల్ ఫవాయిద్’లో ఆయన ప్రయాణకాలాలను నైరూజ్ నుండి ఇన్నవ దినమని లెక్కగట్టి చెప్పాడు. హిజ్రీ సంవత్సరం సౌరసంవత్సరం కంటె సుమారు 11 దినాలు తక్కువ. కనుక చాంద్రమాస తేదీ గాలికి గుర్తు కాజాలదు. ఆరాధనకు హిజ్రీ, ఓడకు నైరూజ్ అని వారు రెండు లెక్కలనూ వేర్వేరుగా పాటించారు. కౌస్ ఉద్ధృతంగా ఉండే నడిమి మాసాలలో సముద్రం ‘మూతబడినట్లే’. దాని ఆరంభంలోనో, చివరలోనో మాత్రమే భారత తీరానికి సాగాలి.

ఈ లెక్క విలువ ఎంతటిదో వాస్కో డ గామా యాత్రే చెబుతుంది. 1498 ఏప్రిల్ 24న మాలింది నుండి స్థానిక మార్గదర్శి సహాయంతో బయలుదేరిన అతని ఓడలు నెలలోపే, మే 20 నాటికి, కాలికట్ తీరం చేరాయి. తిరుగు ప్రయాణంలో ఈశాన్యగాలి స్థిరపడకముందే, అక్టోబరు ఆరంభంలో, భారత తీరాన్ని విడిచాడు. అదే సముద్రం దాటడానికి దాదాపు మూడు నెలలు పట్టింది. సుమారు 30 మంది వ్యాధితో మరణించారు.

ఆ మార్గదర్శి ఇబ్ను మాజిదేనన్న కథ చిరకాలంగా ప్రచారంలో ఉన్నది. కొందరు దానిని ఘనతగా చెప్పుకొంటే, మరికొందరు ద్రోహంగా నిందించారు. దశాబ్దాల తరువాత వ్రాసిన ఒక కథనమే దీనికి ప్రధానాధారం. పోర్చుగీసు చరిత్రకారుడు బారోస్ ఆ మార్గదర్శిని గుజరాతీ ముస్లింగా పేర్కొన్నాడు. నేటి పరిశోధకులలో అధికులు ఈ కథను అంగీకరించరు. ఇబ్ను మాజిద్ కీర్తికి ఈ కథ అవసరమూ లేదు.

లెక్క తప్పితే ఏమయ్యేదో తెలుగు తీరానికీ తెలుసు. తుఫానులో చిక్కి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకును పూర్వరాజులు స్వాధీనం చేసుకొనేవారనీ, తాను సుంకం తప్ప మరేమీ తీసుకోననీ కాకతీయ గణపతిదేవుడు 1244 నాటి మోటుపల్లి శాసనంలో సముద్ర వర్తకులకు అభయమిచ్చాడు.

1904 నుండి 1924 వరకు భారత వాతావరణ శాఖకు అధిపతిగా ఉన్న గిల్బర్ట్ వాకర్, దూరదేశాల వాయుపీడనాల లెక్కలు కూడగట్టి రుతుపవనాల తీరును ముందుగా చెప్పడానికి యత్నించాడు. సాధనాలు మారినా మార్గం ఒక్కటే: ఓపికగా చూడటం, లెక్కించడం, తరువాతివారికి అప్పగించడం.