అరచేతి పలక, అరువు సంఖ్య

వస్తువు వెల తగ్గినంతనే అది అందరిదీ కాదు. దానిని నిర్మించి నలుగురికి పంచు హక్కు కూడ అందుబాటులో నుండవలెను. మైక్రోకంట్రోలరు పలకల చరిత్ర ఈ సంగతిని చక్కగా తెలుపుచున్నది.

లెక్కించుట, జ్ఞాపకముంచుకొనుట, ఇతర భాగములకు ఆజ్ఞలిచ్చుట అను పనులన్నిటిని ఒక్క చిప్పులో ఇమిడ్చిన చిన్న కంప్యూటరే మైక్రోకంట్రోలరు. దానిని తీగలు తగిలించుటకు వీలైన పలకపై అమర్చినచో, క్రొత్త పరికరమును తలచినవాడు దాని నమూనాను ఇంటనే చేసి చూచుకొనవచ్చును. ఈ శతాబ్దపు తొలినాళ్ళలో విద్యార్థులు వాడిన బేసిక్ స్టాంపు పలకకు సుమారు 100 డాలర్లగుచుండెను. ఇటలీలోని ఇవ్రేయా పట్టణమున, రూపకల్పన విద్యాలయములో, హెర్నాండో బర్రగాన్ అను విద్యార్థి 2003లో వైరింగ్ అను పలకకు రూపకల్పన సాగించెను. ఆ బాటనే 2005లో మస్సిమో బాంజీ ప్రభృతులు ఆర్డుయినోను వెలయించిరి. దాని పటములను దాచక లోకమునకు విడిచిరి. కనుక ఎవరైనను అట్టి పలకను చేసికొనవచ్చును, అమ్ముకొనవచ్చును. వెల దిగుటకు ఈ ఔదార్యము ముఖ్యకారణము.

1996లో వెలువడిన యు.ఎస్.బి. ప్రమాణము వాడువారికి సుఖమును, చేయువారికి శ్రమను కలిగించినది. దాని భాష మాటాడుటకు ప్రత్యేకమైన చిప్పు కావలసియుండెను. ఆస్ట్రియాలోని ఆబ్జెక్టివ్ డెవలప్‌మెంట్ సంస్థ వి-యు.ఎస్.బి. అను ప్రోగ్రామును వ్రాసి, చౌకైన ఏ.వి.ఆర్. చిప్పులకే ఆ భాష నేర్పెను. 2012లో వచ్చిన ఆర్డుయినో లియొనార్డోలో ఆ శక్తి ప్రధానమైన చిప్పులోనే యుండుటచే, పలక తానే కీబోర్డుగనో మౌసుగనో మెలగగలిగెను. 2021లో రాస్ప్‌బెరీ పై పికో 4 డాలర్లకే లభించెను.

ఇక మిగిలినది నామకరణము. ప్రతి యు.ఎస్.బి. పరికరమును కంప్యూటరు రెండు సంఖ్యలతో గుర్తించును: తయారీదారుది ఒకటి, వస్తువుది ఒకటి. మొదటి సంఖ్యకు యు.ఎస్.బి. సంఘము వేల డాలర్ల రుసుము విధించుచున్నది. దానితో 65,536 వస్తుసంఖ్యలు వచ్చును. చిన్న నిర్మాతకు కావలసినది ఒక్కటియే. అసలుకంటె కొసరే అధికమైనది! మూతపడిన యొక సంస్థ తన సంఖ్యను విడువగా, పిడ్.కోడ్స్ అను బృందము దానిని ఉచితముగా పంచుచున్నది. పటములు, ప్రోగ్రాములు బహిరంగముగా నుండవలెననునదే ముఖ్యమైన నిబంధన. ఇట్టి పంపకమును సంఘపు నేటి నియమములు ఒప్పవు.

పొరుగింటి పొయ్యినుండి నిప్పు తెచ్చుకొను దినములలో, ఇచ్చినవారి పొయ్యి ఆరిపోలేదు. పలకల పటములకును సంఖ్యలకును ఆ న్యాయమే చెల్లవలెను. లేనిచో చౌకపలక చేతనున్నను, పనివాడు గడపయొద్దనే నిలిచిపోవును.