సెగ

వేడికి రాయలసీమలో మాటల కరువు లేదు. గాలి కదలకపోతే ఉక్క. ఎండన పడి తిరిగితే వడ. కాలిన పెనం తగిలితే చురక. సెగ మాత్రం ముట్టుకోకుండానే తగులుతుంది. మే నెలలో బనగానపల్లె నాపరాతి గోడల పక్కన నడిస్తే, పొద్దు గూకినాక కూడా మొహానికి కొట్టేది అదే. పత్రికలవాళ్లకూ ఈ ఎడం సంగతి తెలుసు; మంత్రిగారికి తగిలేది ‘నిరసన సెగ’, నిరసన మంట కాదు.

అవే పత్రికలు హైపర్‌సోనిక్ వాహనం దగ్గరికొచ్చేసరికి ‘గాలి రాపిడి’ అంటాయి. రాపిడి లేదనను. కానీ మొద్దు ముక్కుతో దూసుకొచ్చే వ్యోమనౌక విషయంలో అసలు వేడి పుట్టేది గాలి నలిగి. పక్కకు తప్పుకునే వ్యవధి లేక, షాక్ తరంగంలో ఒక్కసారిగా అదుముకుపోయి కాగుతుంది. ముందు ఆక్సిజన్ అణువులు విడిపోతాయి, తర్వాత నైట్రోజన్‌వి. ఇంకా కాగితే ఎలక్ట్రాన్లు ఊడి ప్లాస్మా అవుతుంది. రేడియో సంకేతాలు కూడా అందులో చిక్కుకుంటాయి. ముక్కు మొద్దుగా ఉంటే ఆ తరంగం ఒంటికి అంటకుండా ముందే నిలుస్తుందని 1950ల్లో అమెరికాలో జూలియన్ అలెన్ చూపించాడు. మంట ఎడంగా, ఒంటికి సెగ.

ప్లాస్మాకు మాత్రం తెలుగు మాట కట్టనక్కర్లేదు. 1928లో ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ వాయువుకు ఆ పేరు పెట్టేనాటికే అది నెత్తురుకు సంబంధించిన మాట. కరోనా రోజుల్లో మనవాళ్లు దానం చేసిందీ ఆ ప్లాస్మానే.

ఈ వేడిని పరీక్షించే ప్రయోగశాలలో వాహనం కదలదు, గాలే దాని మీదికి వస్తుంది. డప్పును మంటలో పెట్టరు, సెగకు పడతారు, ఇదీ అంతే. హైదరాబాద్‌లో 2020 డిసెంబరులో ప్రారంభమైన డీఆర్‌డీఓ విండ్ టన్నెల్‌ది మీటరు వ్యాసం నాజిల్, మాక్ 5 నుంచి 12 దాకా, అంటే ధ్వనికి అన్ని రెట్ల వేగం. అయితే మాక్ 5 దగ్గర గాలి కాగుతుందే తప్ప ప్లాస్మా కాదు. ప్లాస్మా కావాలంటే షాక్ టన్నెల్ ఉంది, కానీ అందులో ఆట మిల్లీసెకన్లే. నిమిషాల తరబడి కావాలంటే గాలిని విద్యుత్ ఆర్క్ గుండా పంపి, ఆ ధార ముందు వాహనపు ఉష్ణ కవచం ముక్కను నిలిపి, ఎంత అరిగిందో కొలుస్తారు. చిక్కేమిటంటే ఎలక్ట్రోడ్ల రాగి కూడా కాస్త కాస్త అరిగి ధారలో కలుస్తుంది. అందుకని బ్రస్సెల్స్ దగ్గరి వాన్ కార్మాన్ సంస్థ ప్లాస్మాట్రాన్‌లో ఎలక్ట్రోడ్లే ఉండవు. గొట్టం చుట్టూ తీగచుట్ట, అందులో జోరుగా దిశ మార్చుకునే కరెంటు. లోపలి గాలిని ఏదీ తాకకుండానే కాచేస్తుంది.