గోదావరి అంచున మునిగిన నగరం

ప్రకృతి వైపరీత్యానికి బలియైన ప్రాచీన నగరమనగానే పాంపేయీ పేరు చెప్పుతారు. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం ప్రేలి ఆ ఇటలీ నగరాన్ని బూడిదతో కప్పివేసింది. చిత్రమేమంటే, ఆ బూడిదే దానిని కాపాడింది. గోడలమీది చిత్తరువులే కాక, పొయ్యిలలో మాడిన రొట్టెలు సయితం తవ్వకాలలో దొరికినవి. నీట మునిగే నగరానికి అంతటి అదృష్టం ఉండదు. అటువంటిది మన కరీంనగర్ ప్రాంతంలోనే ఒకటి ఉన్నది.

పెద్దవాగు గోదావరిలో కలిసేచోట, ఇప్పటి జగిత్యాల జిల్లాలో, కోటిలింగాల గ్రామం ఉన్నది. నదికి ఆవలి ఒడ్డు పూర్వపు ఆదిలాబాదు జిల్లా. ఊరి ప్రక్కనున్న పాటిదిబ్బ మీద, వానలకు మన్ను కొట్టుకొనిపోయినప్పుడల్లా చిన్న చిన్న నాణేలు బయటపడేవి. స్థానికులు వాటిని ఏరి పరిశోధకులకు అందించారు. వాటిపై అక్షరాలను చదివి లోకానికి తెలిపినవారిలో ముఖ్యుడు పి.వి. పరబ్రహ్మశాస్త్రి. లిపి బ్రాహ్మీ, భాష ప్రాకృతం. పేరు చివర 'స' అనే అక్షరం వస్తుంది. అది షష్ఠీ విభక్తి ప్రత్యయం. 'గోబదస' అంటే 'గోబదునిది' అని అర్థం. అనగా ప్రతి నాణెమూ, తాను ఏ రాజుదో తానే చెప్పుకొంటుందన్నమాట!

గోబదుడు, నారనుడు, కంవాయుడు, సిరివాయుడు, సమగోపుడు - ఈ రాజుల పేర్లు ఏ పురాణంలోనూ లేవు. శాతవాహనులకు ముందు ఈ సీమను ఏలినవారు వీరని పండితుల అభిప్రాయం. ఈ నాణేలు దొరకకపోతే వారు ఉండిరన్న సంగతే మనకు తెలిసేది కాదు.

అంతకంటె విశేషమైనవి సిముకుని నాణేలు. శాతవాహన వంశ స్థాపకుణ్ణి మత్స్యపురాణం శిశుకుడన్నది, వాయుపురాణం సింధుకుడన్నది, విష్ణుపురాణం శిప్రకుడన్నది. తాళపత్రాలను తరతరాలుగా తిరగవ్రాసేవారి చేతిలో ఒక్క పేరు ఎన్ని రూపాలు పొందినదో చూడండి! మహారాష్ట్రలోని నానేఘాట్ గుహలో 'సిముక' అని ఉన్నది. కోటిలింగాల నాణేలపై 'చిముక' అని ఉన్నది. ఇతడే వంశకర్త అని చాలమంది చెప్పగా, వేరొక సిముకుడై ఉండవచ్చునని కొందరు వాదిస్తారు.

ఈ వాదాన్ని తేల్చగలిగినది నేల పొరలే. పైన ఏరిన నాణెం రాజు పేరు మాత్రమే చెప్పుతుంది. అదే నాణెం తవ్వకంలో, చెదరని పొరలో దొరికితే, ఎవరు ముందో ఎవరు తర్వాతో కూడ తెలుస్తుంది. 1980కి అటూ ఇటూ కొన్నేండ్లపాటు పురావస్తు శాఖ డాక్టరు వి.వి. కృష్ణశాస్త్రి ఆధ్వర్యంలో ఇక్కడ త్రవ్వించి మట్టికోట గోడను, ఇటుక కట్టడాలను వెలికి తీసింది. అయితే త్రవ్వినది కొద్ది భాగమే.

తర్వాత, నదికి దిగువన ఎల్లంపల్లి వద్ద, సుమారు 20 టి.ఎం.సి.ల నీరు నిలిపే శ్రీపాద ప్రాజెక్టు వచ్చింది. కరవు నేలకు నీరు అవసరమే, దానిని కాదనలేము. కాని వెనుక జలాలు దిబ్బలో కొంత భాగాన్ని ముంచినవి. నాగార్జునకొండ కూడ మునిగినదే. అయితే అక్కడ నీరు రాకముందు, 1954 నుండి 1960 వరకు, లోయనంతటినీ త్రవ్వి శిల్పాలను కొండమీదికి చేర్చారు. కోటిలింగాలలో ఆ పని జరగలేదు. జలాశయం మట్టం పెరిగి తగ్గుతూ ఉంటే, అలలు గట్టు అంచును కోస్తాయి. నాని ఎండిన ఇటుక పగులుతుంది. పైపొరలోని నాణెం జారి క్రిందిపొర నాణెంతో కలిసిపోతుంది. ఒకసారి కలిసిన పొరలను మరల విడదీయడం ఎవరి తరమూ కాదు.

సమగోపుని తర్వాత సిముకుడు ఎన్ని ఏండ్లకు వచ్చెను? యుద్ధం చేసి వచ్చెనా, కొలువు చేసి ఎదిగెనా? దిబ్బలో త్రవ్వని భాగం కొంత ఇంకా మిగిలి ఉన్నది.